ధ్రువ నక్షత్రం ఎందుకు కనిపించడం లేదు?
మీరు నడినెత్తిన బాగా మెరిసే చుక్క కోసం చూస్తున్నట్టున్నారు. హైదరాబాద్‌లో నెల రోజులుగా మేడ మీద నుంచి వెతుకుతున్నా, "ఎన్నడూ కదలని" ధ్రువుడు దొరకకపోవడానికి బహుశా అదే కారణం.

1. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి 9 గంటలకు ఉత్తరానికి తిరగండి.
2. చాలామంది మరిచిపోయేది ఎత్తు. మన ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడు దిక్చక్రానికి (నేల, ఆకాశం కలిసినట్టు కనిపించే గీతకు) అంత ఎత్తులోనే ఉంటాడు కాబట్టి, హైదరాబాద్‌లో అది సుమారు 17 డిగ్రీలు, అంటే చాచిన చేతి పిడికిళ్లు ఒకదానిపై ఒకటి పెడితే రెండుకు కాస్త తక్కువ. ఎదురుగా అపార్ట్‌మెంటు ఉంటే మేడ మారవలసిందే.
3. గరిటె ఆకారంలో ఉండే సప్తర్షి మండలంలో, పిడికి దూరంగా ఉన్న చివరి రెండు చుక్కల్లో గిన్నె అడుగున ఉన్నది పులహుడు, గిన్నె అంచున ఉన్నది క్రతువు. పులహుడి నుంచి క్రతువు మీదుగా గీత గీసి, ఆ రెంటి మధ్య దూరానికి ఐదు రెట్లు పొడిగించండి. అక్కడ ఒంటరిగా ఉన్న మధ్యరకం కాంతి చుక్కే ధ్రువుడు.
4. గంట తర్వాత మళ్లీ చూడండి. సప్తర్షులు జరిగినా అది అక్కడే ఉంటుంది.

నిజానికి అదీ ఆకాశంలోని ఉత్తర ధ్రువ బిందువు చుట్టూ చిన్న వలయంలో తిరుగుతుంది గానీ, ఆ కదలిక కంటికి అందదు.