పీఎల్‌సీ బ్యాటరీ మార్చే ముందు డివైస్ మెమరీ తీశారా?

ఆటోనగర్‌లో ప్యాకింగ్ మెషిన్ మీదున్న పాత మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్3యు పీఎల్‌సీకి (మెషిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) బ్యాటరీ అయిపోతోందని చెప్పే బ్యాట్ లైటు వెలుగుతోంది, ప్రోగ్రాం కాపీ ల్యాప్‌టాప్‌లో ఉంది, బ్యాటరీ మార్చేయొచ్చా అని అడిగారు. మార్చొచ్చండీ, కానీ ఉన్నది ఆ కాపీ ఒక్కటే అయితే కాస్త ఆగండి.

ప్రోగ్రాం వేరు, అందులో నడిచే వాల్యూలు వేరు. ల్యాప్‌టాప్‌లో పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్ జీఎక్స్ వర్క్స్2లో రీడ్ ఫ్రమ్ పీఎల్‌సీకి వెళ్లి ప్రోగ్రాం, పారామీటర్ టిక్ పెట్టి ఎగ్జిక్యూట్ కొట్టేస్తాం, అక్కడే డివైస్ మెమరీ అని ఇంకో టిక్ ఉంటుంది, దాని జోలికి ఎవరూ వెళ్లరు. మీ సీలింగ్ టైము, బ్యాగ్ పొడవు, మొత్తం కౌంటు, ఇవన్నీ ఉండేది అక్కడే. ఈ వాల్యూలు దాచే గళ్లని డి రిజిస్టర్లు అంటారు, సెట్టింగ్ మార్చకపోతే డి200 నుంచి పైవే కరెంట్ పోయినా నిలబడతాయి, డి0 నుంచి డి199 వరకూ ఎలాగూ పోయేవే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక విశాఖలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంట్ లేదు కదా, అప్పుడు తెలిసిన ఒక చిన్న యూనిట్‌కి వెళ్లాను. మెయిన్స్ ఉన్నంత సేపూ బ్యాటరీ చచ్చినా మెషిన్ నడిచిపోతుంది, అందుకే బ్యాట్ లైటుని ఎవరూ పట్టించుకోలేదు. కరెంట్ వచ్చేసరికి మెమరీ ఖాళీ. వాళ్ల దగ్గరున్న ప్రోగ్రాం ఎక్కించాం, రన్‌లో పెట్టాం, ఎర్రర్ లేదు, కానీ సీలింగ్ టైము సున్నా, కవరు అంటించే జా ఇలా మూసుకుని అలా తెరుచుకుంటోంది, కవర్లన్నీ నోళ్లు తెరుచుకునే బయటికొస్తున్నాయి. చివరికి ఆపరేటర్ తన షిఫ్ట్ నోట్‌బుక్ వెనకపేజీలో పెన్సిల్‌తో రాసుకున్న అంకెలే దిక్కయ్యాయి. ఆ ముసలాయన లేకపోతే ట్రయల్స్‌కే రోళ్లకు రోళ్లు ఫిల్మ్ పోయేది.

కాబట్టి ముందు డివైస్ మెమరీ టిక్ పెట్టి రీడ్ చేసి, తేదీతో వేరే పేరు మీద సేవ్ చేయండి. హెచ్‌ఎంఐలో (మెషిన్ మీది ఆపరేటర్ స్క్రీన్) సెట్‌పాయింట్ స్క్రీన్లన్నిటికీ ఫోన్‌తో ఫోటోలు తీయండి, నవ్వొద్దు, అర్ధరాత్రి బ్రేక్‌డౌన్‌లో ల్యాప్‌టాప్ కంటే ముందు పనికొచ్చేది అదే. పీఎల్‌సీకి తగిలించే మెమరీ క్యాసెట్ ఉంది కదా అని ధీమా వద్దు, అది కాపాడేది ప్రోగ్రాం, పారామీటర్లనే, డి వాల్యూలు బ్యాటరీ మీదే బతుకుతాయి.

బ్యాటరీ ఎఫ్‌ఎక్స్3యు-32బీఎల్. పవర్ కాసేపు ఆన్‌లో ఉంచి ఆపేసి, పాతది పీకిన 20 సెకన్లలోపు కొత్తది పెట్టేయాలి, అందుకే కొత్తది ప్యాకెట్ విప్పి చేతిలో రెడీగా పట్టుకోండి. తర్వాత బ్యాటరీ వోల్టేజ్ చూపే డి8005 మానిటర్ చేస్తే 30 దగ్గర్లో కనిపించాలి, అంటే 3.0 వోల్ట్‌లు.

ఒకవేళ మెమరీ పోయిందనుకోండి, స్టాప్‌లో పెట్టి ముందు ప్రోగ్రాం, పారామీటర్లు ఎక్కించండి, డివైస్ మెమరీ ఆ తర్వాతే, ఎందుకంటే ఏ డి రిజిస్టర్లు నిలవాలో చెప్పే రేంజ్ పారామీటర్లలోనే ఉంటుంది. ఇంకోటి, రన్‌లో పెట్టే ముందు ల్యాడర్‌లో (పీఎల్‌సీ ప్రోగ్రాంలో) ఎం8002 ఎక్కడుందో వెతకండి, రన్‌లోకి రాగానే మొదటి స్కాన్‌లో, అంటే ప్రోగ్రాం మొదటి రౌండులో మాత్రమే ఆన్ అయ్యే బిట్ అది. కొందరు మెషిన్ చేసేటప్పుడే మొదటి స్కాన్‌లో డిఫాల్ట్ వాల్యూలు మూవ్ చేసేలా రాసేస్తారు, మీరు ఎక్కించినవన్నీ రన్ కొట్టగానే వాటి కింద పడి పోతాయి. అలా ఉంటే రన్‌లోకి వచ్చాక హెచ్‌ఎంఐ నుంచే ఫోటోలు చూసి కొట్టుకోండి, గడియారం కూడా అప్పుడే సెట్ చేసేయండి.