"పదిలో ఎంత?" అని కోచ్ ఎందుకు అడుగుతారు

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. 1500 మీటర్ల ఫ్రీస్టైల్ కోసం రోజూ పొద్దున్నే ప్రాక్టీస్‌కి వెళ్తున్నాడు. కొత్తగా వచ్చిన కోచ్ గారు ప్రతి సెట్ తర్వాత "పదిలో ఎంత కష్టంగా అనిపించింది?" అని అడిగి నోట్‌బుక్‌లో రాయిస్తున్నారట. గుండె వేగం చూపించే వాచ్ కొనిపెట్టాం. అది ఉండగా పిల్లాడి నోటిమాట మీద శిక్షణ నడపడం సరైనదేనా?
– ఓ తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: సరైనదేనమ్మా. ఇరవై ఏళ్లుగా విజయవాడలో పిల్లల చేత దూరపు ఈతలు ఈదిస్తున్నాను. మొదట్లో నేనూ స్టాప్‌వాచ్‌ను తప్ప దేన్నీ నమ్మేదాన్ని కాదు.

ముందు వాచ్ సంగతి. మణికట్టు మీద నాడి పట్టే వాచీలు నీళ్లలో తరచూ తడబడతాయి. పట్టీ కిందికి నీళ్లు చేరతాయి, చెయ్యి ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండదు. పోనీ గోడ దగ్గర ఆగి, మెడ మీద వేలు పెట్టి పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో హెచ్చవేద్దామంటే, ఒక్క దెబ్బ తప్పినా లెక్క ఆరు తేడా వస్తుంది. పైగా బోర్లా పడుకుని ఈదడం వల్ల, నీటి ఒత్తిడి వల్ల, చల్లదనం వల్ల ఈతలో గుండె వేగం పరుగులో కంటే నిమిషానికి సుమారు పది దెబ్బలు తక్కువే ఉంటుంది. పరుగు వాళ్ల పట్టిక చూసి "ఇంకా గట్టిగా ఈదు" అన్నామంటే పిల్లాణ్ణి అరగదీసినట్టే.

కష్టాన్ని అంకెతో చెప్పించే ఈ పద్ధతికి దారి వేసింది స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్. ఆయన పేరుతో బాగా తెలిసిన కొలత 6 నుంచి 20 దాకా ఉంటుంది. 13 అన్నవాడి గుండె నిమిషానికి దాదాపు 130 సార్లు కొట్టుకుంటుందని లెక్క. పిల్లలకు పది వరకే సులువు. మా దగ్గర 3 అంటే పొద్దుపోయేదాకా ఈదగలను అనిపించేది. 5 దగ్గర మూడు స్ట్రోక్‌లకోసారి తీసుకునే ఊపిరి ఇంకా సరిపోతుంది. 7 వచ్చేసరికి రెండింటికోసారి కావాలి, గోడ దగ్గర ఆగితే రెండు ముక్కలకు మించి మాట రాదు. 10 అయితే ఇంకో ల్యాప్ కూడా చేతకాదు.

నన్ను మార్చింది ఒక పదో తరగతి అమ్మాయి. 200 మీటర్లు పదిసార్లు, మధ్యలో ఇరవై సెకన్ల విరామం, ఒక్కోటీ 3 నిమిషాల 10 సెకన్లలో. ఇదీ సెట్. జనవరిలో "అయిదు మేడమ్" అనేది. ఫిబ్రవరిలోనూ అవే టైములు, సెకను అటూ ఇటూ. కానీ అంకె ఏడుకెక్కింది, తర్వాత ఎనిమిది. గోడ పట్టుకున్న వేళ్లు వణుకుతున్నాయి. కళ్లద్దాలు పైకి తోసుకోబోతే చెయ్యి నుదుటి దాకా వెళ్లి జారిపోయింది. స్టాప్‌వాచ్ చూస్తే అంతా బాగానే ఉంది! కనుక్కుంటే, పరీక్షల టెన్షన్‌తో రాత్రి ఒంటిగంట దాకా చదివి అయిదింటికి కొలనుకు వస్తోంది. సెట్ సగానికి తగ్గించి, వారంలో రెండు రోజులు సెలవిచ్చాను. మూడో వారానికి మళ్లీ అయిదు అంది. ఆ అంకె అడిగి ఉండకపోతే, టైము బాగుంది కదా అని ఇంకో రెండు వందలు కలిపేదాన్ని.

అయితే అడిగే తీరు ముఖ్యం. టైము చూపించాక అడిగితే పిల్లలు టైముకు తగ్గ అంకె చెబుతారు, పక్క లేన్ వాడు వినేలా అడిగితే ఒకటి తగ్గించి చెబుతారు. అందుకే ముందు అంకె, ఆ తర్వాతే టైము. ప్రాక్టీస్ మొత్తానికి అంకె మాత్రం అయిపోయిన అరగంటకు అడగాలి, లేకపోతే ఆఖరి సెట్ ఆయాసమే అందులో పడుతుంది. దాన్ని నిమిషాలతో హెచ్చవేస్తే ఆ రోజు భారం తెలుస్తుంది. గంటన్నర ఈది 4 అంటే 360, గంటే ఈది 8 అంటే 480. రెండో రోజే బరువు.

పోటీలోనూ ఇదే అక్కరకొస్తుంది. 1500 మీటర్లంటే 50 మీటర్ల కొలనులో ముప్ఫై ల్యాపులు. మొదటి ఆరింటికే 8 అనిపిస్తే ఆఖరి పదీ ఈడ్చుకురావడమే. ఆ ఆరూ 5 దగ్గర ఎలా ఉంటాయో వాడి ఒంటికి ఇప్పుడే తెలియాలి.

మీరు చేయవలసింది ఒకటుంది. వాడు 8 అన్నాడని కంగారుపడకండి, 3 అన్నాడని "సరిగ్గా కష్టపడలేదా?" అనకండి. ఒక్కసారి అలా అన్నా ఆ తర్వాత నోట్‌బుక్‌లో నిజం ఉండదు. మొదటి మూడు నాలుగు వారాలు అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నా ఫరవాలేదు. భుజం నొప్పి మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది ఆయాసం కాదు, విడిగా చెప్పమనండి, ఆ రోజే కోచ్ గారికి చేరేయండి.

వేసవి వస్తే అంకె పక్కన నీటి ఉష్ణోగ్రత కూడా రాయించండి. కొలను పోటీలకు నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలంటారు. మే నెలలో మన ఆరుబయట కొలనులో అది దాటిపోతే ఒంట్లోని వేడి చుట్టూ ఉన్న నీళ్లలోకి సరిగ్గా దిగదు, అదే వేగానికి అంకె ఒకటో రెండో పెరుగుతుంది. అప్పుడు తగ్గించాల్సింది వేగం.