నాలుగు నిమిషాలు ఆగితే వంద పౌండ్లా?

ప్రశ్న: లాయరమ్మ గారూ నమస్తే అండి. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరండి, కొబ్బరి తోట, కాస్త వరి. మా అబ్బాయి ఇంగ్లండ్‌లో చదివి అక్కడే ఉద్యోగం చేసుకుంటున్నాడు. పోయిన నెల మన భీమవరం కుర్రాడొకడు కొత్తగా వస్తే తన కార్లో తీసుకెళ్ళి వాడుండే ఫ్లాట్స్ గుమ్మం ముందు సూట్‌కేసులు దింపాడంట, మొత్తం కలిపి నాలుగు నిమిషాలు, అంతేనండి. పన్నెండో రోజున ఇంటికి లెటరొచ్చింది, 100 పౌండ్లు కట్టాలి, 14 రోజుల్లో కడితే 60 చాలు అని. మన డబ్బుల్లో వంద పౌండ్లంటే పది వేలు దాటిపోతుంది. స్నేహితుల్లో సగం మంది చించి పారెయ్ అంటున్నారంట, సగం మంది కట్టేసి వదిలించుకో అంటున్నారంట. వాళ్ళమ్మకి వీసా ఏమవుద్దోనని భయం పట్టుకుంది, రాత్రుళ్ళు నిద్రపోవట్లేదు. వాడు వాట్సాప్‌లో పంపిన లెటర్ ప్రింట్ తీయించి దీంతో పెట్టాను, ఏం చెయ్యమంటారో చెప్పండి.
— ఓ రైతు, కోనసీమ

జవాబు: ముందు ఇంట్లో ఆవిడకి చెప్పండి, ఇది నేరం కాదు, పోలీసు కేసు కాదు, క్రిమినల్ రికార్డులోకి ఎక్కేది అసలే కాదు. మీరు పంపిన కాగితం పైన పార్కింగ్ చార్జ్ నోటీస్ అని ఉంది. అక్కడి మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్ వాళ్ళు వేసేదాన్ని పెనాల్టీ చార్జ్ నోటీస్ అంటారు, రెండింటినీ పొట్టిగా పీసీఎన్ అనే అంటారు కాబట్టి మనవాళ్ళు రెండూ ఒకటే అనుకుని హడలిపోతారు. మీవాడికొచ్చింది ఓ ప్రైవేటు కంపెనీ పంపిన బిల్లు, మా స్థలంలో బోర్డు పెట్టాం, నువ్వు దాన్ని ఒప్పుకుని బండి పెట్టావు, షరతు తప్పావు, కాబట్టి బాకీ ఉన్నావు అని వాళ్ళ వాదన. బాకీ అన్నప్పుడు అది నిజంగా ఉందో లేదో అడిగే హక్కు మనకుంటుంది కదండీ.

ఇక్కడ అడగాల్సింది కూడా ఒక్కటే, అసలు మీవాడు పార్క్ చేశాడా అని. రావులపాలెం సెంటర్లో ఆటో ఆపి మనిషిని దింపడం వేరు, కాంప్లెక్స్ స్టాండ్‌లో బండి పెట్టి కాకినాడ వెళ్ళి సాయంత్రం రావడం వేరు, ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, అక్కడి జడ్జిగారు కూడా ఇదే చెప్పారు. 2016లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో హోమ్‌గార్డ్ సర్వీసెస్ అనే కంపెనీ మీద ఓ అప్పీల్ నడిచింది, ఫ్లాట్‌లో ఉండే ఆవిడ బరువైన ఫర్నిచర్ లోపలికి తీసుకెళ్ళడానికి గుమ్మం ముందు కాసేపు కారు ఆపితే చార్జ్ వేశారు. ఊరికే ఆగడం పార్కింగ్ కాదు, అలాగైతే ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కున్న కార్లన్నీ పార్క్ చేసినట్టే అయిపోతాయి అని జడ్జిగారు ఆవిడ పక్షానే తీర్పిచ్చారు. ఇది కింది కోర్టులన్నీ తప్పక పాటించాల్సిన పైకోర్టు తీర్పు కాదు, ఆవిడ అక్కడ ఇల్లున్న మనిషి, మీవాడు ఇల్లున్నవాడిని దింపడానికొచ్చిన మనిషి, ఆ తేడా కూడా కంపెనీ ఎత్తి చూపుతుంది. అయినా బలమైన తీర్పే, కంపెనీకి పెట్టే అప్పీల్లో జాప్సన్ వర్సెస్ హోమ్‌గార్డ్ అని పేరు పెట్టి రాయమనండి.

కంపెనీవాళ్ళు మాత్రం అక్కడి సుప్రీంకోర్టు 2015లో ఇచ్చిన తీర్పు చూపిస్తారు, పార్కింగ్‌ఐ కేసు అంటారు దాన్ని. అందులో రెండు గంటలు ఫ్రీగా పెట్టుకోవచ్చన్న చోట ఒకాయన ఇంకో గంట దాకా ఎక్కువ ఉంచితే 85 పౌండ్లు న్యాయమే అన్నారు. అది కావాలని కారు పెట్టి వెళ్ళిపోయిన మనిషి సంగతి. డిక్కీలోంచి పెట్టెలు దించుకుంటున్నవాడికి దాన్ని అంటగట్టడం నాకైతే అన్యాయంగా కనిపిస్తోంది.

డిక్కీ అని ఊరికే అనలేదండి. ఆ ప్రింట్‌లో రెండో ఫోటో కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూడండి, 7:51కి తీసింది, డిక్కీ మూత పైకి లేచి ఉంది, నీలం సూట్‌కేసు సగం బయటికి వచ్చి ఉంది, రెండు ఇండికేటర్లూ వెలుగుతున్నాయి. కంపెనీవాళ్ళే తీసి పంపిన ఫోటో అది! దానికన్నా సాక్ష్యం ఇంకేం కావాలి. ఆ భీమవరం కుర్రాడి చేత నేను ఫలానా ఫ్లాట్‌లో ఉంటాను, ఆ టైముకి సామాను దించుకున్నాను అని సంతకం పెట్టించి ఓ కాగితం జత చెయ్యమనండి. రాత్రిపూట వెళ్ళి బోర్డు ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, కారు సీట్లోంచి అక్షరాలు కనిపిస్తున్నాయా అనేది కూడా ఫోటోలు తియ్యాలి. బోర్డు చదివి ఉండాలో పోవాలో తేల్చుకోడానికి మామూలుగా కనీసం 5 నిమిషాలు ఇవ్వాలని ఆ కంపెనీల సంఘాల రూల్సులోనే ఉంది, అయితే బండ్లు ఆపరాదు అని రాసిన చోట ఇది చెల్లదంటారు, అందుకే బోర్డు ఫోటో ముఖ్యం.

అక్కడి 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లో అద్దానికి టికెట్ అంటించకుండా నేరుగా పోస్టులో పంపే నోటీసు 14 రోజుల్లోపు చేరాలి, చేరకపోతే కారు ఎవరి పేరున ఉందో వాళ్ళని ఆ చట్టం కింద అడగలేరు. మీవాడికి పన్నెండో రోజుకే అందింది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది, కానీ ఎంతసేపు పార్క్ అయి ఉందో నోటీసులో రాయాలని కూడా అదే చట్టంలో ఉంది, అది సరిగ్గా ఉందా లేదా చూడాలి. అప్పీల్లో నేను ఆపాను, నేను దింపాను అని రాయొద్దు, కారు ఆగింది, డ్రైవర్ సామాను దింపారు అని రాస్తే చాలు. అబద్ధం చెప్పమనట్లేదండి, ప్రైవేటు కంపెనీకి డ్రైవర్ ఎవరో చెప్పాల్సిన పని లేదు కాబట్టి చెప్పక్కర్లేనిది చెప్పొద్దంటున్నా.

28 రోజుల్లోపు కంపెనీకి అప్పీల్ పెట్టాలి, కుదిరితే ఆ మొదటి 14 రోజుల్లోనే, ఎందుకంటే అప్పుడు కాదన్నా చాలా కంపెనీలు ఆ 60 అవకాశం మళ్ళీ ఇస్తాయి. కంపెనీ కాదంటే పోప్లా అనే బయటి సంస్థకి గానీ ఐఏఎస్, అంటే ఇండిపెండెంట్ అప్పీల్స్ సర్వీస్‌కి గానీ వెళ్ళొచ్చు, ఏదన్నది ఆ కంపెనీ ఏ సంఘంలో ఉందో దాన్ని బట్టి, తిరస్కరణ లెటర్లోనే ఉంటుంది. పోప్లాలో పైసా ఖర్చుండదు, తీర్పు మనవైపు వస్తే కంపెనీ ఒప్పుకుని తీరాలి. ఒక్కసారి డబ్బు కట్టేస్తే మాత్రం అప్పీలుండదు.

చించి పారెయ్యమన్నవాళ్ళ మాట అస్సలు వినొద్దు. వసూలు ఏజెంట్ల పేరుతో వచ్చే ఎర్రక్షరాల లెటర్లకి భయపడక్కర్లేదు, వాళ్ళు ఇంటికొచ్చి సామాను పట్టుకెళ్ళలేరు. కానీ కోర్టు నుంచి క్లెయిమ్ ఫారం వస్తే 14 రోజుల్లో జవాబు చెప్పాలి, ఊరుకుంటే ఏకపక్షంగా తీర్పొస్తుంది, నెలలో కట్టకపోతే ఆరేళ్ళు క్రెడిట్ రికార్డులో ఉండిపోతుంది, ఇల్లు అద్దెకి తీసుకోడానికీ లోన్‌కీ అడ్డం పడుతుంది. మన పిల్లలు ఏడాదికో గది మారతారు, కారు కాగితాల్లో అడ్రసు మాత్రం పాతదే, కోర్టు లెటర్ ఎవరి గుమ్మంలోనో పడుంటుంది. మీవాడు ఇవాళే డీవీఎల్‌ఏలో, అంటే బండ్ల రిజిస్ట్రేషన్ చూసే అక్కడి ప్రభుత్వ ఆఫీసులో, అడ్రసు సరిచూసుకోవాలి.

ప్రశ్న: మేడం, మా ఊళ్ళో ఓ మల్టీప్లెక్స్ గేటు లోపల అమ్మని దింపి పది నిమిషాల్లో బయటికొచ్చేస్తుంటే స్కూటీకి 20 రూపాయలు తీసుకున్నారు. ఇదేం దోపిడీ?
— డిగ్రీ విద్యార్థిని, భీమవరం

జవాబు: కట్టక్కర్లేదమ్మా. మన రాష్ట్రంలో మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి 30 నిమిషాలు పార్కింగ్ ఫ్రీ అని ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది, 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అరగంట దాటి గంట లోపైతే అక్కడ ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలు. ఈసారి అడిగితే టైము వేసిన రసీదు ఇమ్మను, ఇవ్వనంటే అక్కడే నిలబడి మేనేజర్ని పిలిపించు, అయినా మొండికేస్తే 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పొచ్చు. ఆ 20 రూపాయల రసీదు దగ్గరుంటే పారెయ్యకు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళినా 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, రెండేళ్ళ దాకా టైముంది.