తాత ఇంటికి సి క్యాంపు రేటు వస్తుందా?

ప్రశ్న: కర్నూలు పాతబస్తీలో మా తాత కట్టిన ఇల్లుంది, మూడు సెంట్లు. ఊళ్లోనే ఉన్న సి క్యాంపు కాలనీలో అంతే స్థలం 60 లక్షలకు పోయిందని విని, నాన్న అంతకు తగ్గనంటున్నారు. ఎనిమిది నెలలైంది. 45కి మించి ఎవరూ అడగలేదు. ఇంకా ఆగాలా?

జవాబు: ఆగొద్దనే నా మాట. అలాగని మీ నాన్నగారిది అత్యాశ అనను. పుట్టి పెరిగిన ఇంటికి ఎవరైనా విలువ ఎక్కువే కడతారు. కానీ కొనేవాడు ముందు చూసేది గుమ్మం దాకా కారు వస్తుందా అని. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వేసినవి సి క్యాంపు లాంటి ఆ కాలనీలు. అక్కడి రోడ్లతో మన పాతబస్తీ సందులకు పోటీ ఎక్కడ? పైగా 2009 అక్టోబరు వరద. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని అడగకుండా పాతబస్తీలో ఇల్లు బేరమాడేవాళ్లు నాకింతవరకూ తగల్లేదు.

ఇంకో చిక్కు బ్యాంకు దగ్గర. మీరు 60 చెప్పారు, ఇంటికి విలువ కట్టడానికి బ్యాంకు పంపిన వేల్యూయర్ 45 అని రాశాడనుకోండి. 30 నుంచి 75 లక్షల మధ్య లోనుకు ఇల్లు విలువలో 80 శాతం దాటి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే 36 లక్షలు. మిగతా 24 లక్షలు కొనేవాడు చేతి నుంచి పెట్టుకోవాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. అంత నగదు ఉన్నవాడు నేరుగా సి క్యాంపులోనే చూసుకుంటాడు కదా! ఇల్లు పాతదైతే లోను గడువు కూడా తగ్గిస్తారు, కిస్తీ పెరుగుతుంది.

ఆగితే రేటు పెరుగుతుందేమో అంటారా? కర్నూలును న్యాయ రాజధాని చేస్తామన్న మాట వచ్చినప్పుడు టీ కొట్టు దగ్గర కూడా సెంటు రేట్లే చెప్పుకున్నాం. 2021 నవంబరులో ఆ మూడు రాజధానుల చట్టం వెనక్కి పోయింది. అదే ఏడాది మార్చిలో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైంది నిజమే. దాని పేరు చెప్పి నంద్యాల రోడ్డు పక్క ప్లాటు అమ్ముతారు కానీ, మీ సందులో ఇంటికి గిరాకీ రాదు. ఈలోగా 45 లక్షలు 6 శాతం వడ్డీకి వేసినా నెలకు 22,500 వస్తాయి. ఇల్లు ఖాళీగా ఉంటే ఆ డబ్బు మీకు పోతున్నట్టే.

48 చెప్పి, 45 దగ్గర తెగ్గొట్టండి. అమ్మితే వచ్చే లాభం మీద పన్ను గురించి టెన్షన్ వద్దు. తాతల నాటి ఇల్లు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపించుకోవచ్చు. లాభంతో రెండేళ్లలో ఇంకో ఇల్లు కొంటే ఆ మేరకు పన్ను ఉండదు, ఆడిటర్‌తో ఒకసారి లెక్క వేయించండి.

అన్నట్టు, కాగితాలు ఇంకా తాతగారి పేరు మీదే ఉన్నాయా? ఉంటే బేరానికి ముందే, తాతగారి వారసులైన మీ అత్తలతో మాట్లాడండి. వాళ్ల సంతకాలు లేకుండా ఏ బ్యాంకూ లోను ఇవ్వదు.