హాలోవీన్ ఖర్చు ఏటా పెరిగిపోతోంది, పిల్లలతో మీరెలా జరుపుకుంటున్నారు?

వేషాలు, అలంకరణ, చాక్లెట్లు అన్నీ కలిపి వందల డాలర్లు అవుతోందనీ, మానేద్దామంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారనీ రాశారు. మానక్కర్లేదండీ. మేముండేది అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, డీమోయిన్ నగరం దగ్గర. ఇక్కడున్న ఒక వింత ఆచారం పుణ్యమా అని మా ఇంట్లో ఈ గొడవ చాలావరకు తప్పింది.

చాలా చోట్ల అక్టోబర్ 31న, హాలోవీన్ రాత్రి, పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటి గుమ్మం ముందు నిలబడి "ట్రిక్ ఆర్ ట్రీట్" (ఏదైనా పెడతారా, అల్లరి చేయమంటారా) అనగానే చాక్లెట్ చేతిలో పడుతుంది. ఇక్కడ ముందు జోకు చెప్పాలి. 1938 హాలోవీన్ రాత్రి కుర్రాళ్ల ఆగడాలు శ్రుతి మించి, పోలీసులకు వందల్లో ఫిర్యాదులు వెళ్లాయట. ఆ తర్వాత ఊరివాళ్లు అక్టోబర్ 30 సాయంత్రాన్ని "బెగ్గర్స్ నైట్" (అడుక్కునేవాళ్ల రాత్రి) అని పెట్టి, పిల్లలు పాటో పద్యమో వినిపించి మరీ పుచ్చుకోవాలన్నారు. పోను పోను అది జోకు దగ్గర స్థిరపడింది. మా మామయ్యగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఇది చూసి, "ఇందులో కొత్తేముందమ్మా, పగటివేషగాళ్లు చేసేదీ ఇదేగా" అన్నారు.

అందుకే అక్టోబర్ వచ్చిందంటే మా పిల్లలకి వేషం కన్నా జోకు బెంగ ఎక్కువ. పోయినసారి పెద్దాడు ఎప్పటిదో "స్కెలిటన్ పార్టీకి ఎందుకు వెళ్లలేదు, తోడు రావడానికి నో-బాడీ" జోకే పట్టుకున్నాడు. చిన్నది మాత్రం వీడియో కాల్‌లో అమ్మమ్మని పీడించి, "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" పొడుపు కథ నేర్చుకుని, దాన్ని తనకొచ్చినట్టు ఇంగ్లీషులోకి తిప్పుకుంది. వీధి చివరింటి తాతగారు చాలాసేపు ఆలోచించి, "నా గ్యారేజీ తలుపైతే కాదు, అది ఊరంతా వినిపిస్తుంది" అన్నారు. మా చిన్నది జవాబుగా కళ్లు రెండూ గట్టిగా మూసి తెరిచింది. ఆయన గిన్నె మొత్తం దాని సంచిలోకి వంపబోతే నేనే ఆపాను. ఏడాదంతా కారులోంచి చెయ్యి ఊపుకోవడమే తప్ప ఆయనతో మేం మాట్లాడింది తక్కువ. ఇలా గుమ్మం ఎక్కి పలకరించుకునే సాయంత్రం ఈ దేశంలో ఇంకోటి దొరకదు. మా వరకు పండగంటే అదే, మిగతావన్నీ సరుకులు.

ఆ సరుకుల సంగతి అడగకండి. ఇక్కడి దుకాణదారుల సంఘం నేషనల్ రిటైల్ ఫెడరేషన్ అంచనా ప్రకారం 2023లో అమెరికన్లు హాలోవీన్‌కి పెట్టిన ఖర్చు 1,220 కోట్ల డాలర్లు. అందులో 70 కోట్లు కుక్కలకీ పిల్లులకీ వేసే వేషాలకట! ఇంటి సామాన్లు అమ్మే హోమ్ డిపో దుకాణాల వాళ్లు 2020లో 299 డాలర్లకి 12 అడుగుల అస్థిపంజరాన్ని తెచ్చారు. చూడటానికి భలే ఉంటుంది, కాదనను. కానీ మిగతా పదకొండు నెలలూ దాన్ని ఎక్కడ దాస్తారు?

వేషానికి నలభై డాలర్లు పెట్టకండి. అక్టోబర్ చివర ఇక్కడ చలికి దాని మీద కోటు వేసి జిప్పు లాగాల్సిందే, కనిపించేది తలకాయ ఒక్కటే. కాబట్టి టోపీ, ముఖానికి రంగు, చేతిలో ఏదో ఒకటి ఉంటే చాలు. మరీ రోబో కావాలంటే అట్టపెట్టె ఉండనే ఉంది, కోటు మీదే తగిలించవచ్చు.

ముఖంలా చెక్కి లోపల దీపం పెట్టడానికి గుమ్మడికాయ మాత్రం కొంటాం. ఆడవాళ్లు గుమ్మడికాయ కొయ్యకూడదని మా అత్తగారి పట్టు, అందుకని మొదటి గాటు మా ఆయనది, మిగతా చెక్కుడంతా నాదీ పిల్లలదీ. మూతని కత్తి లోపలికి వాల్చి ఏటవాలుగా కొయ్యండి, నిలువుగా కోస్తే మూత లోపల పడిపోతుంది. పండక్కి రెండు రోజుల ముందు చెక్కితే చాలు, ముందే చెక్కితే బూజు పట్టి కూలబడుతుంది, ఉడతలు కొరికేస్తాయి కూడా. గింజలు కడిగి ఆరబెట్టి, నూనె, ఉప్పు, కారం, పసుపు పట్టించి ఓవెన్‌లో వేయిస్తే ఆ పూటకే ఖాళీ. ఆ పెద్ద కాయ కూరకి పనికిరాదు, నీళ్లూ పీచూనూ. దప్పళానికి పక్కనే అమ్మే, "పై" (pie) అనే వంటకానికి వాడే చిన్న గుమ్మడికాయ తెచ్చుకోండి.

పొదుపు చేయకూడనిది చాక్లెట్ల దగ్గర, అవి ఊరి పిల్లలకిచ్చేవి కదా. వేరుశనగ పడని పిల్లల కోసం పెన్సిళ్లు, స్టిక్కర్లు విడిగా పెడతాం. అలాంటివి ఇచ్చే ఇంటి ముందు నీలిఆకుపచ్చ గుమ్మడికాయ పెట్టడం ఇక్కడ గుర్తు. 2024లో గాలివాన భయంతో బెగ్గర్స్ నైట్‌ని 31కి జరిపారు, సరిగ్గా ఆ రోజే దీపావళి. ప్రమిదలు వెలిగించి, చాక్లెట్లతో పాటు చుట్టిన కాజూ బర్ఫీ కూడా పెట్టాం. ఇంట్లో చేసింది అనుకుని కొందరు తల్లులు వద్దన్నారు, కొన్నదే అని పెట్టె చూపించాక తీసుకున్నారు.

మీ ఊళ్లో జోకుల ఆచారం లేకపోయినా ఏం ఫర్లేదు. తలుపు మీద "జోకు చెప్తే రెండు" అని కాగితం అంటించండి. పోర్చి లైటు వేసి ఉంచడం మరిచిపోకండి, ఆర్పి ఉన్న ఇంటికి పిల్లలు రారు.