నోరూరించడం రచయిత పని కాదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పాటు ఆరు పేజీల వ్యాసం అందాయి. ఆహార రచనల మీద కళాశాలలో ఒక సెమిస్టరంతా చదివిన వాటిలో నీకు బాగా నచ్చిన ఐదింటిని ఏరుకొని రాశావు. ఎంపిక మంచిది. అయితే ఆ ఆరు పేజీల్లో ‘నోరూరించే’ అన్న మాట పద్నాలుగు చోట్ల ఉంది. పెన్సిలుతో గీత గీస్తూ లెక్కపెట్టాను. ఈ జవాబు రాయడానికి ముఖ్య కారణం ఆ మాటే.

నువ్వు ఎంచుకున్న ఐదుగురిలో ఎవరూ మన నోరూరించడానికి కలం పట్టలేదు. ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ టీ వ్యాసాన్నే తీసుకో. అందులోని పదకొండు నియమాలను ‘మంచి టీ రహస్యాలు’ అని నువ్వు సంగ్రహంగా చెప్పి వదిలేశావు. ఆయన ఆ వ్యాసం రాసింది 1946 జనవరిలో. యుద్ధం ముగిసినా బ్రిటన్‌లో టీ పొడికి రేషను ముగియలేదు. మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే సుమారు 57 గ్రాములు. ఆ రెండు ఔన్సుల్లోంచి ఇరవై చిక్కని కప్పులు ఎలా రాబట్టాలన్నదే వ్యాసం చివర ఆయన చెప్పుకున్న ఆరాటం. ఈ సంగతి తెలిశాక ఆ పదకొండు నియమాలు మళ్ళీ చదువు. ఉన్న కాస్త పొడిని వృథా పోనివ్వకూడదన్న పట్టుదల ప్రతి నియమంలోనూ వినిపిస్తుంది. బ్రిటిష్ వంటల రచయిత్రి ఎలిజబెత్ డేవిడ్ సంగతీ అంతే. 1946–47 చలికాలంలో ఇంగ్లండులోని ఒక హోటల్లో, రుచీ పచీ లేని తిండి తింటూ, మధ్యధరా తీరపు వంటల గురించి ఆమె రాయడం మొదలుపెట్టింది. ఆలివ్, నిమ్మ, వెన్న అన్న మాటలు కాగితం మీద పెట్టడమే ఆ రోజుల్లో ఆమెకు ఊరట. 1950లో ఆ పుస్తకం వెలువడేనాటికీ ఆ దేశంలో రేషను ఉంది, 1954 వరకూ ఉంది. నువ్వు ‘రంగులమయం’ అన్న ఆ పేజీల వెనక ఉన్నది ఖాళీ పళ్ళెం.

నలభై ఏళ్ళుగా నేను పట్టుకు వేలాడుతున్న మాట ఒకటుంది. రుచిని మాటల్లో పెట్టి మరొకరి నాలుక మీదికి చేర్చడం ఎవరి వల్లా కాదు. చేర్చగలిగేది ఆ ముద్దకు ముందున్న ఆకలిని, ఎదురుచూపును, ఆ ముద్ద తర్వాత మిగిలిన వెలితిని. ఫ్రెంచి రచయిత ప్రూస్ట్ తన నవలలో ఈ సంగతిని 1913లోనే ఎంత స్పష్టంగా చెప్పాడో చూడు. టీలో నానిన మాడ్‌లెన్ అనే చిన్న కేకు తునక మొదటి గుక్కతో కథకుడి ఒళ్ళు జలదరిస్తుంది. రెండో గుక్కలో అంతకు మించి ఏమీ ఉండదు, మూడో గుక్కలో ఇంకాస్త తగ్గుతుంది. తాను వెతుకుతున్నది కప్పులో లేదని, తనలోనే ఉందని అతనికి అక్కడ తెలుస్తుంది. ఆ కేకు తునకను మనవాళ్ళు పట్టుకున్నారు గాని ఆ వెతుకులాటను వదిలేశారు. అందుకే ఇప్పుడు ఏ ఆహార వ్యాసం తెరిచినా రెండో పేరాలో అమ్మమ్మ ప్రత్యక్షమై, నాలుగు తీపి విశేషణాలు పంచి వెళ్ళిపోతోంది. పేజీలో ముప్పాతిక వంతు ఫోటోకు ఇచ్చి, మిగిలిన జాగాకు సరిపడా ‘రుచికరంగా’ రాయమని అడిగే సంపాదకులు ఈ ఫ్యాషన్‌కు నీళ్ళు పోసి పెంచారు.

వాళ్ళలో ఒకరి దగ్గర నేనూ లొంగిపోయాను. చదువుకునే రోజుల్లో నెలాఖరున నాకు ఒక్క పూట భోజనమే ఉండేది. అలాంటి ఒక సాయంత్రం మిత్రుడి ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మగారు “భోంచేశావా బాబూ?” అని అడిగితే, చేశానని అబద్ధమాడాను. ముందు గదిలో పత్రిక పట్టుకొని కూర్చున్నాను. లోపల పీటలు వాల్చిన చప్పుడు, గరిటె గిన్నె అంచుకు తగిలిన చప్పుడు, ఆమె ‘ఇంకొంచెం’ అనడం, వాడు ‘చాలమ్మా’ అనడం వరసగా వినపడ్డాయి. ఆ అరగంటలో పత్రికలో ఒక్క అక్షరం ఎక్కలేదు. కొన్నేళ్ళకు దాన్ని రాసి పంపితే, సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేసి, పాఠకుడికి ఆకలి పుట్టించాలి గాని ఆకలి చూపించకూడదని అంచున రాసి, లోపల ఏమేం వడ్డించారో వర్ణించమన్నాడు. నేను వర్ణించాను. అచ్చయ్యాక ఒక పాఠకుడు ఆ వంటకాలను మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. నేను తినని, చూడనైనా చూడని వంటకాలవి. ఆ ఉత్తరం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అమెరికన్ రచయిత డేవిడ్ ఫాస్టర్ వాలెస్ వ్యాసాన్ని ‘ధైర్యమైనది’ అన్నావు, నిజమే. గోర్మే అనే వంటల పత్రిక పంపగా అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో జరిగిన 2003 నాటి లాబ్‌స్టర్ (పెద్ద కొండిలుండే, రొయ్యలాంటి సముద్ర జీవి) ఉత్సవానికి వెళ్ళి, 2004 ఆగస్టు సంచికలో, ప్రాణమున్న జీవిని మన నాలుక కోసం సలసల కాగే నీళ్ళలో వేయవచ్చునా అని ఆ పత్రిక పాఠకులనే అడిగాడు. కానీ ఆ ధైర్యం ఏ వాక్యంలో ఉందో నువ్వు చూపించలేదు. లాబ్‌స్టర్ తన కొండిలతో గిన్నె అంచును పట్టుకోవడం, మూత గడగడలాడటం, వండేవాళ్ళు ఆ చప్పుడు వినలేక టైమరు తీసుకొని పక్కగదిలోకి వెళ్ళిపోవడం, అక్కడ ఉంది. అన్నీ క్రియలే, గమనించు.

ఏ పత్రికకు పంపాలి, ఎంత నిడివి ఉండాలి అని అడిగావు. ఇప్పుడు వాటి జోలికి పోను.

నీ వ్యాసంలో ఒక వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. అమెరికన్ రచయిత్రి ఎం. ఎఫ్. కె. ఫిషర్ 1937 నాటి తన మొదటి పుస్తకంలో, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోజుల్లో, కమలా తొనలను గదిని వేడిచేసే రేడియేటర్ మీద కాగితంపై పరిచి, అవి వేడెక్కి ఉబ్బాక కిటికీ బయటి మంచు మీద పెట్టి తిన్న సంగతి రాసింది. అది అంత గొప్పగా ఎందుకుంటుందో చెప్పలేనని ఆమే ఒప్పుకుంది. ఆ పుటలు చదివిన రాత్రి నువ్వు కూడా హాస్టల్ గదిలో తొనలు వలిచి కిటికీలో పెట్టానని, తెల్లారి చూస్తే వాటి మీది పొర కాగితంలా బిగిసిందని, పంటికింద చిట్లిందని ఒకే వాక్యంలో రాసి, వెంటనే ‘నోరూరించే ఈ రచన’ అంటూ మళ్ళీ పొగడ్తలోకి వెళ్ళిపోయావు.

మిగతా పేజీలు నా దగ్గరే ఉంచుకుంటాను. ఆ వాక్యాన్ని రెండు పేజీలుగా రాసి పంపు. తెల్లవారే దాకా మేలుకొని ఉన్నావా, ఆ రాత్రి గదిలో ఇంకెవరైనా ఉన్నారా, ఉంటే వాళ్ళకు ఒక తొనైనా ఇచ్చావా, అదీ రాయి.

ఆశీస్సులతో.