బరువు చూసి కొనాలా, సాన చూసి కొనాలా?

ప్రశ్న: ఉంగరంలో పొదిగించుకోవడానికి రెండు నీలాలు ఎంచి పక్కన పెట్టాను. రెండూ కోలగా ఉన్నాయి, పైనుంచి చూస్తే ఒకే సైజు, 8 × 6 మిల్లీమీటర్లు. ఒకటి క్యారెట్టున్నర, రెండోది 2 క్యారెట్లు, కాస్త ముదురు. నాకేమో తక్కువ బరువున్నదే నచ్చింది, అటూ ఇటూ తిప్పితే బాగా తళుక్కుమంటోంది. ఇంట్లో మాత్రం 'రాయన్నాక బరువుకే విలువ, రెండు క్యారెట్లదే తీసుకో' అంటున్నారు. సాన బాగా కుదిరిందో లేదో మాలాంటివాళ్లం ఎలా పోల్చుకోవాలి?

జవాబు: మీకు నచ్చినదే తీసుకోండి, మీ కన్ను సరిగ్గానే పట్టింది. ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉన్న రెండు నీలాల్లో ఒకటి అర క్యారెట్ ఎక్కువ తూగుతోందంటే ఆ బరువంతా ఎక్కడుంది? కింద, పొట్టలో. క్యారెట్ అనేది బరువు కొలత, 0.2 గ్రాములు, దాంతో సైజు తెలియదు. 8 × 6 నీలం 4 మిల్లీమీటర్ల లోతుంటే ఇంచుమించు క్యారెట్టున్నర తూగుతుంది, అదే 2 క్యారెట్లు తూగాలంటే లోతు 5 మిల్లీమీటర్లు దాటాల్సిందే. ఆ అదనపు లోతు రేపు ఉంగరంలో కూర్చున్నాక ఎవరికీ కనబడదు, డబ్బు మాత్రం దానికీ కట్టాలి. పైగా పొట్ట రాయికి గూడు ఎత్తుగా చేయాల్సి వస్తుంది, అది వేలి మీద లేచి నిలబడి చీర కొంగుకీ జుట్టుకీ పట్టుకుంటూ విసిగిస్తుంది. ముడిరాయిలో బరువు పోతే రాబడి పోతుందని సానపట్టేవాళ్లు అలా వదిలేస్తారు, వాళ్ల లెక్క వాళ్లది.

ఇక సాన సంగతి. రాయి అడుగున ఉండే పలకలు అద్దాల పని చేయాలి. పైనుంచి దిగిన వెలుగు ఒక పలకకు తగిలి, ఎదుటి పలక మీద పడి, తిరిగి మీ కంటికి రావాలి. అలా రావాలంటే ఆ పలకల వాలు ఒక హద్దు కంటే ఎక్కువ ఉండాలి, ఆ హద్దు రాయిరాయికీ మారుతుంది. నీలానికీ కెంపుకీ అది సుమారు 34.5 డిగ్రీలైతే ఊదారంగు రాయి అమెథిస్ట్‌కు 40 దాటుతుంది, అందుకే ఒకదానికి చెల్లిన వాలు ఇంకోదానికి చెల్లదు. వాలు చాలకపోతే వెలుగు కిందికి జారిపోతుంది, రాయి నడిమధ్య రంగు వెలిసిపోయి గాజుముక్కలా కనిపిస్తుంది. వ్యాపారంలో దీన్ని విండో అంటారు. రాయిని అచ్చు కాగితం మీద పెట్టి నేరుగా పైనుంచి చూడండి. మధ్యలోంచి అక్షరాలు చదవగలుగుతుంటే అది విండో. వేళ్ల మధ్య పెట్టి చూసినా చర్మం కనబడిపోతుంది. కొద్దిగా వంచితే దాదాపు ఏ రంగురాయిలోనైనా ఓ మూల కొంత కనిపిస్తుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు. తిన్నగా చూసినప్పుడు నట్టనడుమ పెద్దగా ఉంటేనే వద్దనుకోండి.

మీ 2 క్యారెట్లదానికి బహుశా ఇంకో జబ్బు ఉండొచ్చు. మరీ లోతైన రాళ్లలో వెలుగు దారి తప్పి కొన్నిచోట్ల నల్లటి మడుగులు కడుతుంది, ఎటు తిప్పినా అవి కదలవు. మీరు 'కాస్త ముదురు' అన్నది నిజంగా రంగేనా, ఈ నలుపా అన్నది పగటి వెలుగులో తేల్చుకోండి. కిటికీ దగ్గర నిలబడి, చేయి చాపినంత దూరంలో రాయిని మెల్లగా ఊపితే మెరుపు ఒక చివరి నుంచి ఇంకో చివరికి పరుగెత్తాలి. అమ్మేచోట నెత్తిమీద ఉండే స్పాట్‌లైట్ల కింద ఏ రాయైనా మెరుస్తుంది, అక్కడ చూసి మురిసిపోతే తర్వాత పైన పటారం లోన లొటారం అవుతుంది. రాత్రి మామూలు బల్బు కింద కూడా ఓసారి చూడండి, కొన్ని నీలాలు అక్కడ బాగా డల్ అయిపోతాయి.

అన్నిటికీ ఒకే కొలబద్ద పెట్టకండి. రంగు మరీ లేతగా ఉంటే లోతు కొంచెం ఎక్కువ ఉంచడంలో అర్థముంది, రంగు చిక్కబడుతుంది. మరీ ముదురు గార్నెట్‌ను పల్చగా కోస్తేనే ఎరుపు బయటికొస్తుంది, అందులో కొద్దిపాటి విండో ఉన్నా నేనైతే క్షమించేస్తాను. నీలాన్ని మాత్రం ఓసారి పక్కనుంచి చూడండి. కొన్నిటిలో రంగంతా అడుగు మొనలోనే ఉండి పైభాగం దాదాపు తెల్లగా ఉంటుంది, అయినా పైనుంచి నిండుగా నీలంగా కనిపిస్తుంది. అది మోసం కాదు, పనితనం. అలాంటి రాయిని మళ్లీ సానపట్టిస్తే రంగు పోయే ప్రమాదం ఉంది, అంతే.

పది రెట్ల భూతద్దం దొరికితే పలకల అంచులు పదునుగా ఉన్నాయా, అరిగిపోయినట్టు గుండ్రంగా ఉన్నాయా చూడండి, రాయి చుట్టూ ఉండే నడుము అంచు కాగితమంత పల్చగా ఉంటే పొదిగేటప్పుడే పెచ్చు లేస్తుంది. సానను బట్టి ట్రీట్‌మెంట్ ఏమీ తెలియదు కాబట్టి వేడిచేసిందా, గాజు నింపిందా అని ల్యాబ్ రిపోర్ట్ అడగండి. గాజు నింపిన కెంపులైతే కంసాలి మంట తగిలినా, నిమ్మరసం తగిలినా పాడవుతాయి.

ప్రశ్న: లాకెట్‌లో ఉన్న నా పెద్ద అమెథిస్ట్‌లో మీరు చెప్పే విండో ఉంది. మళ్లీ సానపట్టిస్తే పోతుందా?

జవాబు: పోతుంది, కానీ అడుగు వాలు పెంచాలంటే, లోతు ఎలాగూ పెరగదు కాబట్టి వెడల్పు తగ్గించాల్సిందే. రాయి చిన్నదవుతుంది, పాత గూట్లో వదులైపోతుంది, అంటే లాకెట్ కూడా మార్చుకోవాలి. అమెథిస్ట్ అంత అరుదైన రాయేమీ కాదు, అదే గూటికి సరిపడే వేరే రాయి వెతకడమే తేలిక. ఇదే కథ మంచి కెంపుదో నీలానిదో అయితే సానపట్టేవాళ్లకు చూపించండి, పని మొదలుపెట్టకముందే చివరికి ఎన్ని మిల్లీమీటర్లు, ఎన్ని క్యారెట్లు మిగులుతుందో అంచనా రాయించుకోండి, కొత్త గూడు రాయి చేతికొచ్చాకే చేయించండి.